ఆగినవాళ్లు కట్టిన ఊరు: సస్క్వెహన్నా ఒడ్డున కొలంబియా

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్క్వెహన్నా నది తూర్పు గట్టున, కొలంబియా అనే చిన్న ఊరు ఉంది. 2020 లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 10 వేల పైచిలుకు జనం. 1900లో మాత్రం 12 వేలు దాటారు. ఈ 120 ఏళ్లలో దేశ జనాభా నాలుగు రెట్లకు మించి పెరిగింది, ఈ ఊరు కొంచెం తగ్గింది. ఒకప్పుడు దేశ రాజధాని తమ దగ్గరికే వస్తుందని ఆశపడి, ఆ ఆశతోనే పేరు మార్చుకున్న ఊరు ఇది. 19వ శతాబ్దంలో అంత వేగంగా ఎందుకు పెరిగింది, తరవాత ఎందుకు ఆగిపోయింది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే దొరుకుతుంది. ఆ చోటు నదీతీరం.

పెన్సిల్వేనియాలో ఇలాంటి పట్టణాన్ని బరో అంటారు. ఇళ్లు దూరదూరంగా ఉండే టౌన్‌షిప్ కంటే చిక్కగా, సిటీ కంటే చిన్నగా ఉంటుంది. సొంతంగా ఎన్నికైన కౌన్సిల్, మేయర్ ఉంటారు. ఆ రాష్ట్రంలో 900కు పైగా బరోలున్నాయి. వాటిలో చాలావాటిని ఒక గనో, ఒక మిల్లో, ఒక రైల్వే జంక్షనో పుట్టించింది. కొలంబియాను పుట్టించింది ఒక అడ్డంకి.

సస్క్వెహన్నా 444 మైళ్ల పొడవున్న నది. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, పెన్సిల్వేనియా గుండా దక్షిణానికి పారి, చెసాపీక్ అఖాతంలో కలుస్తుంది. కొలంబియా దగ్గర దాని వెడల్పు మైలు. అంత వెడల్పున్నా లోతు తక్కువ, అడుగున అంతా రాళ్లు. పెద్ద ఓడలు నడవవు. పైనుంచి దుంగల తెప్పలు, సరుకు పడవలు వసంతకాలపు వరదనీటి మీద కిందికి రాగలవు కానీ, కొలంబియా దాటాక నది ఇరుకైన లోయలో పడి సుడులు తిరుగుతుంది, రాళ్ల మీద ఉరుకుతుంది. అంచేత పైనుంచి వచ్చిన సరుకులో చాలా భాగాన్ని ఇక్కడే ఒడ్డుకు చేర్చి బండ్ల మీద ఫిలడెల్ఫియా దారి పట్టించేవారు. ఇక తూర్పు నుంచి పడమటికి వెళ్లేవాళ్లకు ఎదురుగా మైలు వెడల్పు నీళ్లు. నది వెంట వచ్చినా నదిని దాటబోయినా ఇక్కడ ఆగక తప్పదు. ఆగినవాడికి తిండి కావాలి, పడక కావాలి, గుర్రానికి గడ్డి కావాలి, దించిన సరుకుకు గోదాము కావాలి. ఊరు అలా మొదలైంది.

ఈ చోటు ఖాళీగా ఉండగా ఎవరో వచ్చి కనిపెట్టలేదు. నదికి పేరిచ్చిన సస్క్వెహానాక్ అనే అమెరికా ఆదివాసీ జాతి గ్రామాలు ఈ గట్టునే ఉండేవి, తరవాత షావనీ అనే మరో ఆదివాసీ జాతివాళ్లు ఉన్నారు. 1726లో జాన్ రైట్ అనే క్వేకరు (ఒక క్రైస్తవ శాఖవాడు) ఇక్కడికి వచ్చింది కూడా వాళ్లకు మతబోధ చేయడానికీ, భూమి చూసుకోవడానికీ. రాబర్ట్ బార్బర్, శామ్యూల్ బ్లన్‌స్టన్ ఆయనతో చేయి కలిపారు. కొద్ది దూరంలోని కోనెస్టోగా గ్రామంలో మిగిలిన సస్క్వెహానాక్ జాతి చివరి కుటుంబాలను 1763 డిసెంబరులో పాక్స్టన్ ప్రాంతపు తెల్ల వలసదారుల గుంపు రెండు దాడుల్లో చంపేసింది. మొత్తం 20 మంది. వారిలో 14 మంది, కాపాడతామని దగ్గర్లోని పట్టణం లాంకాస్టర్‌లో ప్రభుత్వం తన కట్టడంలో దాచినవాళ్లే. ఈ ప్రాంతపు ‘మొదటి నివాసుల’ కథ చెప్పేటప్పుడు ఈ మాట దాటేయడం అన్యాయం.

1730ల మొదట్లో జాన్ రైట్ రేవు పెట్టాడు. దొలిచిన రెండు దుంగ పడవలను పక్కపక్కన కట్టి, వాటి మీద బండి చక్రాలు ఆనేలా చేసి, గట్టు నుంచి గట్టుకు దాటించేవారు. ఊరికి మొదటి పేరు రైట్స్ ఫెర్రీ, అంటే రైట్ గారి రేవు. పడమటికి వలస పెరిగేకొద్దీ రేవు దగ్గర బండ్ల వరస కూడా పెరిగింది. ఎవరి తరవాత ఎవరో గొడవ రాకుండా బండ్ల మీద సుద్దముక్కతో నంబర్లు వేసేవారు. నంబరు పడ్డ బండివాడు తన వంతు కోసం గంటలు, కొన్నిసార్లు రోజులు, అక్కడే గడపాలి. సత్రాలకూ కమ్మరి కొలిములకూ ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది?

ఆ తొలినాళ్ల ఇళ్లలో 1738లో సుసన్నా రైట్ కోసం కట్టిన ఇల్లు ఇంకా నిలిచి ఉంది. జాన్ రైట్ కూతురు ఆమె. కవిత్వం రాసింది, పట్టుపురుగులు పెంచింది, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో ఉత్తరాలు నడిపింది. ఇరుగుపొరుగువాళ్లకు దస్తావేజులు రాసిపెట్టేది, మందులిచ్చేది. అడవి అంచున, రేవు పక్కన, ఆ కాలంలో ఒక స్త్రీ అలా బతకగలిగిందంటే రేవు ఎంత లోకాన్ని గుమ్మం దగ్గరికి తెచ్చిపెట్టేదో ఊహించవచ్చు.

1788లో జాన్ రైట్ మనవడు శామ్యూల్ రైట్ రేవు పక్క భూమిని 160 స్థలాలుగా విడగొట్టి లాటరీ పద్ధతిలో అమ్మాడు. రైట్స్ ఫెర్రీ పేరు కొలంబియాగా మారింది. ఆ రోజుల్లో కొలంబియా అంటే అమెరికాకు కవులు పెట్టుకున్న ముద్దుపేరు. కొత్త దేశానికి రాజధాని ఎక్కడ పెట్టాలన్న చర్చ నడుస్తోంది, ఆ పేరు పెట్టుకున్న ఊరు తనను తాను ముందుకు నెట్టుకుంటోంది. ఇది పూర్తిగా పగటికల ఏమీ కాదు. 1789 సెప్టెంబరులో ప్రతినిధుల సభ పెన్సిల్వేనియాలో సస్క్వెహన్నా ఒడ్డునే రాజధాని ఉండాలని ఓటు వేసింది. సెనేట్ దాన్ని ఫిలడెల్ఫియా పక్కనున్న జర్మన్‌టౌన్‌కు మార్చింది, సమావేశాలు ముగిసేలోగా బిల్లు తేలలేదు. మరుసటేడు రాష్ట్రాల యుద్ధ అప్పులను కేంద్రం మోయడానికి దక్షిణాది ఒప్పుకునేలా జరిగిన బేరంలో రాజధాని పోటోమాక్ నది ఒడ్డుకు వెళ్లిపోయింది. 1790 జులైలో చట్టమైంది. కొలంబియాకు పేరు మాత్రం మిగిలింది.

రాజధాని రాకపోయినా వంతెన వచ్చింది. 1814లో బరో హోదా, మొదటి వంతెన రెండూ ఒకే ఏడాది వచ్చాయి. 5,690 అడుగుల పొడవున్న ఆ చెక్క వంతెనకు పైకప్పు కూడా ఉండేది. పైకప్పు గల వంతెనల్లో అప్పటికి ప్రపంచంలో అదే పొడవైనదని అంటారు. టోలు డబ్బు చేతిలో ఆడేసరికి వంతెన కంపెనీ బ్యాంకింగ్ వ్యాపారంలోకీ దిగింది. 1832 ఫిబ్రవరిలో నది మీద గడ్డకట్టిన మంచు ఒక్కసారిగా విరిగి దిగి ఆ వంతెనను తుడిచిపెట్టేసింది. రెండేళ్లలో రాతి స్తంభాల మీద రెండోది లేచింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఊరి మంచీ చెడూ రెండూ 1834 అనే ఒక్క ఏడాదిలో కనిపిస్తాయి.

ఆ ఏడాది రెండో వంతెన తెరిచారు. అదే ఏడాది ఫిలడెల్ఫియా నుంచి కొలంబియా వరకు 82 మైళ్ల రైలు మార్గం పూర్తయింది. ఇది ప్రభుత్వం వేసిన మార్గం. న్యూయార్క్ రాష్ట్రం ఈరీ కాలువ తవ్వి పడమటి వ్యాపారాన్ని లాక్కుపోతుంటే, పోటీగా పెన్సిల్వేనియా ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గ్ దాకా ఒక వింత దారిని అతికింది. ఫిలడెల్ఫియా నుంచి కొలంబియాకు రైలు. కొలంబియా నుంచి హాలిడేస్‌బర్గ్‌కు కాలువ. అలిగెనీ కొండల మీద వాలుపట్టాల మీదుగా తాళ్లతో లాగే బండ్లు. కొండ దిగాక మళ్లీ కాలువ. బండ్ల మీద మూడు వారాలు పట్టే ప్రయాణం నాలుగైదు రోజులకు దిగింది.

ఈ ఏర్పాటులో కొలంబియా వాటా ఏమిటంటే, రైలు ఆగి పడవ మొదలయ్యేది ఇక్కడే. ప్రతి మూటా, ప్రతి పీపా, ప్రతి మనిషీ ఇక్కడ దిగి మళ్లీ ఎక్కాలి. మొదట్లో రైలు కూడా సాఫీగా ఊళ్లోకి వచ్చేది కాదు. నదీతీరానికి దిగే చివరి వాలులో పెట్టెలను విడదీసి, పైన కదలకుండా బిగించిన ఆవిరి యంత్రానికి తాడు కట్టి ఒక్కొక్కటిగా దించేవారు. ఇంజనీర్ల కళ్లకు అది తలనొప్పి, ఊరికి మాత్రం కూలి. 1840లో అవతలి గట్టునున్న రైట్స్‌విల్ నుంచి చెసాపీక్ వైపు ఇంకో కాలువ తెరిచారు. పడవలు లాగే కంచరగాడిదలు నదిని దాటడానికి వంతెనకే ఆనించి ప్రత్యేకంగా దారి కట్టారు. రోడ్డు, రైలు, కాలువ మూడూ ఒక్క వంతెన మీద కలిసిన చోటు అది.

ఆ పనిలో పైకొచ్చిన మనుషుల్లో స్టీఫెన్ స్మిత్ పేరు ముందు చెప్పాలి. బానిస తల్లికి పుట్టి, చిన్నతనంలోనే కొలంబియాలోని జనరల్ థామస్ బౌడ్ దగ్గర పనికి కట్టుబడి, ఆయన కలప వ్యాపారం చూసుకుంటూ పని నేర్చుకుని, 1816లో 50 డాలర్లు కట్టి స్వేచ్ఛ కొనుక్కున్నాడు. సొంతంగా కలప, బొగ్గు వ్యాపారం పెట్టాడు. ఆయనతో కలిసిన విలియం విప్పర్ కూడా నల్లజాతివాడే. కొన్నేళ్లకు వాళ్లకు సొంతంగా 22 రైలు పెట్టెలు ఉండేవి. ప్రభుత్వపు పట్టాల మీద ఎవరి బండి వాళ్లు నడుపుకోవచ్చన్న ఆనాటి నియమం వాళ్లకు కలిసొచ్చింది.

కొలంబియాలో నల్లజాతివాళ్లు అంతమంది ఉండటానికీ కారణం ఉంది. 1820కి అటూఇటూ వర్జీనియాలో యజమానులు విడిచిపెట్టిన కుటుంబాలు గుంపులుగా వచ్చి ఈశాన్యం వైపు టో హిల్ అనే చోట స్థిరపడ్డాయి. రైట్ కుటుంబంలాంటి, బానిసత్వాన్ని వ్యతిరేకించే క్వేకర్ల అండ ఉంది, రేవులో ఎప్పుడూ పని ఉంది. బానిసత్వం సాగుతున్న మేరీలాండ్ సరిహద్దు దక్షిణాన దగ్గర్లోనే ఉంది. అటునుంచి పారిపోయి వచ్చేవాళ్లకు మైలు వెడల్పు నదిని పొడి కాళ్లతో దాటగలిగే దారి ఈ వంతెన. విప్పర్ ఇల్లు వంతెన చివరే ఉండేది. అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్లకు ఆశ్రయం ఇచ్చి, కొందరిని పడవల్లో, కొందరిని తమ రైలు పెట్టెల్లో పంపేవాళ్లమని ఆయనే తరవాత రాశాడు. ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ (పారిపోయే బానిసలను రహస్యంగా దాటించే ఏర్పాటు) అన్న మాట ఇక్కడే పుట్టిందని ఊళ్లో చెప్పుకుంటారు. బానిసలను వెతుకుతూ వచ్చినవాళ్లకు కొలంబియా దాటాక జాడ దొరక్క, నేల కింద ఏదో రైలు ఉండాలి అన్నారట. అది నిజమైనా కాకపోయినా, ఆ కథ ఈ ఊరికి అతకడంలో అర్థముంది.

ఇక 1834 ఆగస్టు. రైలు వచ్చిన ఆ ఏడాదే తెల్ల కూలీల గుంపులు టో హిల్ మీద పడ్డాయి. ఇళ్లు పగలగొట్టారు, మనుషులను తరిమారు. నల్లవాళ్లు తక్కువ కూలికి పనిచేసి తమ నోట మట్టి కొడుతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. ఊరి పెద్దలు సమావేశం పెట్టి, నల్లవాళ్లు తమ ఆస్తులను అమ్ముకుని వెళ్లేలా మాట్లాడటానికి కమిటీ వేశారు. తరవాతి దాడుల్లో స్మిత్ ఆఫీసు ధ్వంసమైంది. అంటే అసలు గురి కూలి మీద కాదు, పైకొచ్చిన మనిషి మీద. కొత్త పట్టాలతో పని పెరిగిన ఏడాదే ఆ పని ఎవరిదన్న గొడవ హింసగా మారింది. స్మిత్ వెంటనే కదల్లేదు, 1842 దాకా ఉండి ఫిలడెల్ఫియా వెళ్లాడు. 1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం వచ్చాక భయం ఇంకా పెరిగింది. విప్పర్ చెప్పిన లెక్క ప్రకారం 1850లో 943గా ఉన్న నల్లజాతి జనాభా ఐదేళ్లలో 487కు పడిపోయింది, మిగతావాళ్లు కెనడాకు వెళ్లిపోయారు. నాలుగు వేల పైచిలుకు జనమున్న ఊళ్లో ఇది చిన్న సంఖ్య కాదు. కొలంబియా ఎదుగుదల కథలో ఈ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టరు, కట్టాలి.

వంతెన దేశ చరిత్రలోకి ఎక్కింది మాత్రం 1863 జూన్ 28న. గెటిస్‌బర్గ్ యుద్ధానికి మూడు రోజుల ముందు, అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల (కాన్ఫెడరేట్) జనరల్ జాన్ గోర్డన్ బలగం రైట్స్‌విల్ చేరింది. వంతెన చేజిక్కితే నది దాటి లాంకాస్టర్ మీదుగా రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌ను వెనక నుంచి పట్టవచ్చన్నది వాళ్ల పథకం. ఎదురు నిలిచింది కర్నల్ జేకబ్ ఫ్రిక్ కింద ఉన్న అనుభవం లేని మిలీషియా. అందులో కొలంబియా ప్రాంతపు నల్లజాతి వాలంటీర్ల దళం ఒకటి కందకాల్లో నిలబడి పోరాడింది. వాళ్లలో ఒకరు ప్రాణం కోల్పోయారు. టో హిల్ మీద రాళ్లు పడి అప్పటికి 29 ఏళ్లు. నిలవలేమని తేలాక ఫ్రిక్ వెనక్కి తగ్గి, వంతెనలో ఒక భాగాన్ని పేల్చమన్నాడు. అది సరిగా పేలలేదు. చివరికి నిప్పు పెట్టారు. మైలు పొడవు ఎండు చెక్క, పైకప్పుతో సహా, రాత్రంతా తగలబడింది. నిప్పు రైట్స్‌విల్‌కు అంటుకుంటే గోర్డన్ సైనికులే బకెట్లు అందుకుని ఆర్పారు. నది మళ్లీ అడ్డంకి అయింది, ఈసారి దేశానికి మేలు చేసే అడ్డంకి. వంతెన సొంతదారైన బ్యాంకు నష్టపరిహారం కోసం ప్రభుత్వం చుట్టూ తిరిగింది. ఏమీ రాలేదు.

మూడో వంతెన 1868లో వచ్చింది, 1896 సెప్టెంబరులో తుఫాను గాలికి కూలింది. 1897లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అవే స్తంభాల మీద ఉక్కు వంతెనను మూడు వారాల్లో నిలబెట్టింది.

బయటివాళ్లకు ఇదంతా వంతెనల కథే. ఊరి ఎదుగుదలకు మాత్రం వేరే లెక్క ఉంది. 1830ల చివర్లోనే లాంకాస్టర్ నుంచి మౌంట్ జాయ్ మీదుగా హారిస్‌బర్గ్‌కు నేరుగా రైలు పడింది. పిట్స్‌బర్గ్ వెళ్లేవాడికి కొలంబియా రావలసిన పని తగ్గింది. 1857లో ప్రభుత్వం తన రైలు, కాలువలన్నిటినీ పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు 75 లక్షల డాలర్లకు అమ్మేసింది. అయినా ఊరు పెరుగుతూనే పోయింది, ఎందుకంటే అప్పటికి అది దించి ఎక్కించే పనితో పాటు, దిగిన సరుకును వస్తువుగా మార్చే పని నేర్చుకుంది. పైనుంచి తెప్పలుగా వచ్చిన దుంగలు ఇక్కడి మిల్లుల్లో పలకలయ్యాయి. కాలువ మీద వచ్చిన ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు, చుట్టుపక్కల తవ్విన ఇనుప ఖనిజం, సున్నపురాయి కలిసి కొలంబియా నుంచి ఎగువనున్న మారియెట్టా ఊరి దాకా గట్టు పొడవునా కొలిములను మండించాయి. రైలు షెడ్లు, సరుకు బండ్లను విడదీసి కూర్చే యార్డులు వందల కుటుంబాలకు అన్నం పెట్టాయి. పట్టు మిల్లులు వచ్చాయి, పొయ్యిలు తయారుచేసే ఫ్యాక్టరీ వచ్చింది. 1869లో కట్టిన మార్కెట్ భవనం ఆ నాటి ధీమాకు సాక్ష్యం. దాని కింద ఊరి జైలు కూడా ఉండేది.

1900 తరవాత ఒక్కొక్కటే సడలాయి. పైన అడవులు తరిగిపోయి తెప్పలు ఆగాయి. కాలువలు మూతపడ్డాయి. ఇనుము పిట్స్‌బర్గ్ వైపు పోయింది. అన్నిటికంటే గట్టి దెబ్బ హారిస్‌బర్గ్ ఎదుట ఎనోలాలో 1905లో తెరిచిన భారీ యార్డు. మరుసటేడు సరుకు రైళ్ల కోసం ఎత్తుపల్లాలు లేని కొత్త మార్గం వేశారు. గమనించాల్సిందేమిటంటే, ఆ మార్గంలో రైళ్లు కొలంబియా మీదుగానే పోయాయి. ముందుకంటే ఎక్కువ బండ్లు, ఎక్కువ బరువు. కానీ ఇంజను మార్చే పని, పెట్టెలు కూర్చే పని అక్కడ లేకుండా పోయింది. ప్రయాణం పెరిగి పని తగ్గిన ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే 1910 నాటి కొలంబియాను చూడాలి. ఆ పదేళ్లలో జనాభా మొదటిసారి తగ్గింది.

కారు కొన్నాళ్లు ఊపిరి పోసింది. దేశాన్ని తూర్పు నుంచి పడమరకు కలిపే లింకన్ హైవే ఊరి మధ్య నుంచే వెళ్లేది. 1930 సెప్టెంబరు 30న తెరిచిన కాంక్రీటు ఆర్చీల వంతెన మీద టోలు 25 సెంట్లు, 1943 దాకా వసూలు చేశారు. 1931లో దిగువన సేఫ్ హార్బర్ ఆనకట్ట పూర్తయి నది క్లార్క్ సరస్సుగా పరచుకుంది. దిగువ ఆనకట్టల వల్ల, సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే షాడ్ చేపల రాక ఆగింది. పెట్రోలు బంకులు, హోటళ్లు, మెకానిక్ షాపులు సత్రాల వారసులుగా నడిచాయి. తరవాత 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వరద నదీతీర ఊళ్లను ముంచింది. అదే ఏడాది నవంబరులో ఊరికి ఉత్తరంగా రైట్స్ ఫెర్రీ వంతెన తెరిచారు. హైవే 30 ఊరిని పక్కన పెట్టి దాని మీదుగా దూసుకెళ్లింది. రేవు పేరు పెట్టుకున్న వంతెనే ఊళ్లో ఎవరూ ఆగనవసరం లేకుండా చేసింది.

ఈ తగ్గుదలకు ఊరివాళ్ల చేతకానితనం కారణం అనడం తప్పు. అమెరికాలో రేవులూ జంక్షన్లూగా పుట్టిన వందల ఊళ్లకు ఇదే జరిగింది. కొలంబియా వాటికంటే మెరుగ్గానే నిలబడింది. పాత వీధులు, ఇటుక ఇళ్లు కూలగొట్టకుండా మిగిలాయి, కూలగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు రాకపోవడం కూడా అందుకు కొంత కారణం. 1977లో ఇక్కడ తెరిచిన జాతీయ గడియారాల మ్యూజియం దేశమంతటి నుంచి జనాన్ని రప్పిస్తోంది. పాత పట్టు మిల్లు ఒకటి ఐస్‌క్రీమ్ తయారీని చూపించే సందర్శన కేంద్రమైంది. నది వెంట ఉత్తరానికి సుమారు 14 మైళ్ల సైకిల్ దారి పడింది. చాలాచోట్ల అది పాత కాలువ, పాత పట్టాల వెంబడే సాగుతుంది. 1906 నాటి సరుకు రైలు మార్గంలో తూర్పు భాగం కూడా ఇప్పుడు నడక దారే. 2019లో ఈ నదీప్రాంతాన్ని కేంద్రం జాతీయ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది.

వీటి వల్ల వచ్చే ఉద్యోగాలు కొలిముల కాలంతో పోల్చదగినవి కావు. సైకిల్ మీద వచ్చినవాడు కాఫీ తాగుతాడు, మ్యూజియం చూస్తాడు, సాయంత్రానికి వెళ్లిపోతాడు. అతను ఇక్కడ ఆగడం అవసరం కొద్దీ కాదు, ఇష్టం కొద్దీ. ఇష్టం మీద బతికే ఊరు శుభ్రంగా, అందంగా ఉండాలి, తన కథ చెప్పుకోవడం తెలిసి ఉండాలి. ఆ పనికి కావలసిన సరుకు కొలంబియా దగ్గర బోలెడు ఉంది. అందులో సుసన్నా రైట్ ఇంటికి ఎంత చోటు ఇస్తారో టో హిల్‌కూ స్మిత్, విప్పర్‌లకూ అంత చోటు ఇస్తేనే అది పూర్తి కథ అవుతుంది.

ఊరికీ నీళ్లకీ మధ్య పట్టాల మీద సరుకు రైళ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1897 ఉక్కు వంతెనను 1960ల్లో విప్పేశారు. దాని కింది రాతి స్తంభాలను మాత్రం ఎవరూ తీయలేదు. కాలిన వంతెనను మోసినవీ అవే. 1930 వంతెన పక్కనే, గట్టు నుంచి గట్టుకు, నెత్తిన ఏ బరువూ లేకుండా వరసగా నిలబడి ఉన్నాయి. కొన్నిటి మీద చెట్లు మొలిచాయి.